ఒక బ్రిటిష్ యువ నటుడి జీవిత పరిచయాన్ని తెలుగులో రాసే పద్ధతి

“పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్నట్టు” అనే మాటతో మొదలయ్యే జీవిత పరిచయాలను నేను హనుమకొండలో చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ సందర్భంగా విద్యార్థులు రాసి తెచ్చే వ్యాసాల్లో ఒకప్పుడు మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ గారో, ఒగ్గుకథ చెప్పిన చుక్క సత్తయ్య గారో ఉండేవారు. ఇప్పుడు వారి పక్కన లండన్ కుర్రవాళ్లు కూడా చేరారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ వ్యాసాల్లో నటుడి బాల్యం రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది, ఆ తరువాత పేజీలకు పేజీలు సినిమాల పేర్లే ఉంటాయి. ఇరవైల వయసులో పేరు తెచ్చుకున్న నటుడి విషయంలో తొలి జీవితమంటే జీవితంలో సగం కన్న ఎక్కువ భాగం కాబట్టి, ఆ సగాన్ని ఎలా రాయాలో స్పైడర్‌మ్యాన్‌గా నటించిన టామ్ హాలండ్‌ను ఉదాహరణగా తీసుకుని చెబుతాను. మీరు మరొక నటుడిని ఎంచుకున్నా పద్ధతి ఇదే.

మొదట మనిషి ఎవరో తేల్చుకోవాలి. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ, టామ్ హాలండ్ అనే పేరుతో 1968లో పుట్టిన ఒక బ్రిటిష్ చరిత్రకారుడు ఉన్నాడు, 1943లో పుట్టిన ఒక అమెరికన్ దర్శకుడూ ఉన్నాడు. నేను దిద్దిన ఒక వ్యాసంలో మన నటుడు రోమన్ సామ్రాజ్యం మీద పుస్తకం రాసి, దయ్యాల సినిమాలు తీసి, ఆ తరువాత సాలెపురుగు వేషం కట్టాడు. రాసిన అమ్మాయి తెలివైనది. వెతికిన ప్రతి వివరాన్నీ నమ్మకంగా ఎక్కించింది, పుట్టిన సంవత్సరంతో మాత్రం సరిచూసుకోలేదు. కాబట్టి కాగితం పైన మొట్టమొదట పుట్టిన తేదీ రాసుకోండి: 1996 జూన్ 1. ఆ తరువాత దొరికే ప్రతి వివరాన్నీ ఆ తేదీ పక్కన పెట్టి, అప్పటికి అతని వయసెంతో లెక్క కట్టండి. వయసు నప్పకపోతే మనిషి మారాడన్నమాట.

పుట్టిన ఊరి దగ్గర ఇంకొక చిక్కు వస్తుంది. కింగ్‌స్టన్ అపాన్ థేమ్స్ అని కొందరు, లండన్ అని కొందరు, సర్రే అని ఇంకొందరు రాస్తారు. కింగ్‌స్టన్ పాతకాలంలో సర్రే కౌంటీలోని పట్టణం. 1965 నుంచి అది గ్రేటర్ లండన్‌లో భాగం. మనకు ఇది అర్థం కానిదేమీ కాదు. 2016లో ఉమ్మడి వరంగల్ జిల్లా విడిపోయి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ సహా పలు జిల్లాలయింది, 2021లో ఆ రెండూ హనుమకొండ, వరంగల్ జిల్లాలయ్యాయి. ఒకే వీధిలో ఉన్న మనిషికి ఆధార్ కార్డులో ఒక జిల్లా, పదో తరగతి మెమోలో ఇంకొక జిల్లా ఉండటం మనం రోజూ చూస్తున్నదే. అతను పుట్టిన 1996 నాటికి కింగ్‌స్టన్ లండన్‌లోనిదే కాబట్టి “నైరుతి లండన్‌లోని కింగ్‌స్టన్ అపాన్ థేమ్స్” అని రాస్తే సరిపోతుంది.

మాటల ఎంపిక

“ఆంగ్ల నటుడు” అని రాయకండి. తెలుగులో ఆ మాటకు ఆంగ్ల భాషా చిత్రాల్లో నటించేవాడు అనే అర్థం కూడా ఉంది. అమెరికా వాడైనా, ఆస్ట్రేలియా వాడైనా అందులో ఇమిడిపోతాడు. దేశం చెప్పదలచుకుంటే బ్రిటిష్ నటుడు అనండి. స్కాట్లండ్ వారిని, వేల్స్ వారిని ఇంగ్లండ్ వారని రాయడం మాత్రం, మనలను ఎవరైనా బయటివారు “అంతా మదరాసీలే” అన్నప్పుడు మనకు ఎలా ఉంటుందో గుర్తు చేసుకుని మానేయవలసిన పని.

టామ్ తండ్రి డొమినిక్ హాలండ్ ఒంటరిగా వేదిక మీద నిలబడి మాటలతో నవ్వించే కళాకారుడు, రచయిత. తల్లి నికోలా ఫొటోగ్రాఫర్. తండ్రిని “హాస్యనటుడు” అని రాస్తే మన పాఠకుడి కళ్ల ముందు సినిమాలో హీరో పక్కన ఉండే కమెడియన్ కనిపిస్తాడు. స్టాండప్ కమెడియన్ అనే మాట ఇప్పుడు తెలుగువారందరికీ తెలుసు, దానినే వాడండి. అలాగే వెస్ట్ ఎండ్ అనేది లండన్‌లో పెద్ద నాటకశాలలుండే ప్రాంతం పేరు. దానిని “పడమటి కొస” చేసిన వ్యాసాన్ని కూడా నేను చూశాను. ఫోన్‌లోని అనువాద యంత్రం చేసిన పని అది, విద్యార్థి చేసిన నేరం దానిని చదవకుండా అతికించడం.

బడుల దగ్గర మరీ జాగ్రత్త అవసరం. ఇంగ్లండ్‌లో పబ్లిక్ స్కూల్ అంటే పెద్ద ఫీజులు తీసుకునే ప్రైవేటు బడి అని అర్థం. (హనుమకొండలో బోర్డు మీద పబ్లిక్ స్కూల్ అని రాసిన బడుల ఫీజులు చూస్తే మనవాళ్లు ఆ అర్థాన్ని చక్కగానే పట్టుకున్నారనిపిస్తుంది.) టామ్ మొదట వింబుల్డన్‌లోని డాన్‌హెడ్ అనే ప్రైవేటు బడిలో, తరువాత అదే ప్రాంతంలోని వింబుల్డన్ కాలేజీలో చదివాడు. పేరులో కాలేజీ ఉన్నా అది మన ఇంటర్మీడియెట్ కళాశాల కాదు, ప్రభుత్వ నిధులతో నడిచే కాథలిక్ ఉన్నత పాఠశాల. ఆ తరువాత క్రాయిడన్‌లోని బ్రిట్ స్కూల్‌లో చేరాడు. 1991లో మొదలైన ఈ కళల పాఠశాలలో ఫీజు ఉండదు. బడుల పేర్లను వరసగా రాసి ఊరుకుంటే పాఠకుడికి ఏమీ అందదు, ఏది ఎలాంటి బడో ఒక ముక్క చెబితే కుటుంబం ఏ స్థితిలో ఉందో, కళ ఎక్కడ అబ్బిందో అతనే ఊహించుకుంటాడు.

ఏడేళ్ల వయసులో టామ్‌కు డిస్లెక్సియా ఉందని తేలింది. దీనిని “మానసిక వ్యాధి” అని గానీ “వైకల్యాన్ని జయించిన వీరుడు” అని గానీ రాయవద్దు. చదవడంలో, అక్షరాలు కూడబలుక్కోవడంలో వచ్చే ఇబ్బంది అది, తెలివితేటలకు దానితో సంబంధం లేదు. ఒక వాక్యంలో నిజం చెప్పి ముందుకు సాగండి.

అతడా, ఆయనా అనే ప్రశ్న విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. మన వైపు గౌరవంగా రాయాలంటే ఎవరినైనా “గారు” అనే అలవాటు ఉంది, కానీ పన్నెండేళ్ల పిల్లవాడి గురించి “నృత్యము చేసియున్నారు” అని రాస్తే చదివేవారికి నవ్వొస్తుంది. వ్యాసం మొత్తం “అతను, చేశాడు” అని నడపడం నా పద్ధతి. వేణుమాధవ్ గారి వంటి పెద్దల గురించి రాసేటప్పుడు “ఆయన, చేశారు” అంటాను. ఏది ఎంచుకున్నా మధ్యలో మార్చకపోవడం ముఖ్యం.

తేదీల చీటీ

వ్యాసం మొదలుపెట్టే ముందు ఒక చీటీ మీద తేదీలు మాత్రమే రాసుకోండి. ఒక్కొక్క పాత్రకు మూడు తేదీలు ఉంటాయని మరచిపోవద్దు: ఎంపికైన రోజు, పని చేసిన రోజులు, జనం చూసిన రోజు. మన వ్యాసాల్లో తప్పులన్నీ ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లనే వస్తాయి.

2004 హిందూ మహాసముద్ర సునామీ మీద వచ్చిన ‘ది ఇంపాసిబుల్’ చిత్రాన్ని తీసుకుందాం. అది విడుదలైంది 2012లో. అప్పటికి టామ్‌కు పదహారేళ్లు కాబట్టి “పదహారేళ్ల వయసులో ఈ పాత్ర చేశాడు” అని రాసేవారు ఎక్కువ. కానీ చిత్రీకరణ మొదలైంది 2010 ఆగస్టులో, స్పెయిన్‌లో. తరువాత థాయ్‌లాండ్‌లో సాగింది. నీళ్లలో కొట్టుకుపోతూ గాయపడిన తల్లిని కాపాడుకునే ఆ పెద్దకొడుకు వేషం కట్టినప్పుడు అతనికి నిండా పద్నాలుగేళ్లే. ఈ రెండేళ్ల తేడా చిన్నది కాదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు నయోమి వాట్స్ వంటి అనుభవం గల నటి ఎదుట నిలబడి సినిమాను మోశాడంటే, ఆ బలం అంతకు ముందెక్కడో కూడబెట్టుకున్నదై ఉండాలి కదా అనే ప్రశ్న పాఠకుడికి వస్తుంది. ఆ ప్రశ్న వచ్చేలా రాయడమే మన పని, జవాబు నాటకశాలలో ఉంది.

స్పైడర్‌మ్యాన్ విషయంలోనూ అంతే. ఆ పాత్రకు ఎంపికైనట్టు ప్రకటించింది 2015 జూన్‌లో. తెరమీద మొదట కనిపించింది 2016లో ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ చిత్రంలో కొద్దిసేపు. తానే కథానాయకుడుగా ‘స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్’ వచ్చింది 2017 జులైలో. ఈ మూడింటిలో ఏ సంవత్సరం రాసినా అది దేని తేదీయో వాక్యంలోనే చెప్పాలి.

బొగ్గుబాయి కొడుకు నాటకం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వింబుల్డన్‌లో ఒక నృత్య పాఠశాలలో హిప్‌హాప్ నేర్చుకుంటున్న టామ్, 2006లో రిచ్‌మండ్ నృత్యోత్సవంలో ఆడుతుండగా నృత్యదర్శకురాలు లిన్ పేజ్ చూశారు. ‘బిల్లీ ఎలియట్’ అనే సంగీత నాటకానికి నృత్యాలు కూర్చిన పీటర్ డార్లింగ్‌కు ఆమె సహాయకురాలు. సాధారణంగా వ్యాసాల్లో దీని తరువాతి వాక్యం “దాంతో అతని దశ తిరిగింది” అని ఉంటుంది. దశ తిరగలేదు. రెండేళ్ల శిక్షణ, ఎనిమిది సార్లు ఎంపిక పరీక్షలు జరిగాక 2008 జూన్ 28న విక్టోరియా ప్యాలెస్ నాటకశాలలో వేదిక ఎక్కాడు, అది కూడా బిల్లీగా కాదు, బిల్లీ స్నేహితుడు మైకేల్‌గా. బిల్లీగా మొదటిసారి కనిపించింది అదే సంవత్సరం సెప్టెంబరు 8న. 2010 మే 29 వరకు ఆ నాటకంలో కొనసాగాడు. లెక్క వేసి చూడండి, పద్నాలుగు నిండడానికి ఇంకా మూడు రోజులుంది.

ఆ నాటకం దేని గురించో చెప్పకుండా ఈ తేదీలు చెబితే ప్రయోజనం లేదు. ఉత్తర తెలంగాణలో ఉన్న మనకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది, తెలుగునాట వేరెవరికీ అంతగా లేనిది. బిల్లీ ఇంగ్లండ్ ఈశాన్యంలో, డర్హమ్ బొగ్గు గనుల ఊరిలో పుట్టిన పిల్లవాడు. తండ్రి, అన్న గని కార్మికులు. కాలం 1984-85. ఇరవై గనులు మూసివేస్తామని 1984 మార్చిలో జాతీయ బొగ్గు మండలి ప్రకటించడంతో, ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వానికి ఎదురు నిలిచి కార్మికులు దాదాపు ఏడాది పాటు సమ్మె చేశారు. 1985 మార్చి 3న ఓడిపోయి సమ్మె విరమించారు. ఆ సమ్మె మధ్యలో బాక్సింగ్ నేర్చుకొమ్మని తండ్రి పంపితే, పక్కనే జరిగే బ్యాలే అనే పాశ్చాత్య శాస్త్రీయ నృత్యం తరగతిలోకి జారిపోతాడు బిల్లీ.

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వాళ్లకు ఇందులో వివరించవలసింది బ్యాలే ఒక్కటే. గత సంవత్సరం ఒక విద్యార్థి వ్యాసాన్ని, బాయి పని చేసి రిటైరైన మా మేనమామకు చదివి వినిపించాను. స్పైడర్‌మ్యాన్ దగ్గర ఆయన కునుకు తీశారు గానీ, సమ్మె దగ్గర లేచి కూర్చున్నారు. “ఏడాది బాయి బందైతే ఆ ఇంట్ల పొయ్యి ఎట్ల మండింది? పోరని డ్యాన్సుకు పైసలెవలిచ్చిండ్రు?” అని అడిగారు. నాటకం అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుందని ఆయనకు తెలియదు: కొడుకును లండన్ బ్యాలే పాఠశాల పరీక్షకు పంపడానికి డబ్బు లేక, తోటివాళ్ల ముఖం ఎదుటే సమ్మె తెంచి గనిలో దిగడానికి తండ్రి సిద్ధపడతాడు. సింగరేణి ప్రాంతంలో సకల జనుల సమ్మె రోజులు గుర్తున్నవారెవరికైనా ఆ తండ్రి ఎంతకు తెగించాడో వేరే చెప్పనవసరం లేదు. తండ్రి తరువాత కొడుకు అదే బాయిలో దిగే వారసత్వ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి పోరాడిన ప్రాంతం మనది. కొడుకు ఆ బాయిలో దిగకుండా నాట్యం నేర్చుకోవాలని తండ్రి కోరుకోవడంలోని నొప్పి మన పాఠకుడికి రెండు వైపుల నుంచీ అర్థమవుతుంది.

దీన్నంతటినీ నటుడి జీవిత పరిచయంలో రాయాలా అని అడగవచ్చు. ఒక పేరా రాయాలి. ఎందుకంటే, మధ్యతరగతి లండన్ ఇంట్లో స్టాండప్ కమెడియన్ కొడుకుగా పుట్టి, గని ముఖం చూడని పిల్లవాడు, పన్నెండేళ్ల వయసు నుంచి దాదాపు రెండేళ్లు గని కార్మికుడి కొడుకుగా వేదిక మీద ఆడి, పాడి, ఏడ్చాడు. అతను నేర్చుకున్న నటన ఏదని అడిగితే చూపించవలసింది అది. ఇక్కడ రాసేవారు చేసే పొరపాటు మరొకటి ఉంది, బిల్లీ బాధలను టామ్ బాధలుగా మార్చేస్తారు. “పేద గని కార్మిక కుటుంబంలో పుట్టిన టామ్” అని ఒక వ్యాసంలో చదివి నేను కాసేపు కలం కింద పెట్టేశాను. పాత్ర వేరు, మనిషి వేరు అని ప్రతి వాక్యం రాశాక చూసుకోండి.

ఇంకొక సంగతి చెప్పాలి. “బిల్లీ ఎలియట్ నాటకానికి టామ్ హాలండ్ కథానాయకుడు” అని రాస్తే సగం నిజం. ఆ పాత్రను ఒకే కాలంలో కొందరు పిల్లలు వంతుల వారీగా వేసేవారు. ఒక్క ప్రదర్శనలోనే బ్యాలే, ట్యాప్, పాటలు, గాలిలో ఎగరడం, మూడు గంటల కథ ఉన్నాయి. రోజూ ఒకే పిల్లవాడి చేత చేయించడం సాధ్యం కాదు, చట్టమూ ఒప్పుకోదు. బ్రిటన్‌లో పిల్లలు వేదిక ఎక్కాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు కావాలి, పని గంటలకు పరిమితి ఉంటుంది, వెంట అనుమతి పొందిన సంరక్షకుడు ఉండాలి. మన దేశంలోనూ 2017 నాటి బాలకార్మిక నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి, సంపాదనలో కనీసం ఇరవై శాతం ఆ పిల్లల పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో డిపాజిట్ చేయాలి. మన నిబంధనను పక్కన పెట్టి రాస్తే, తమ పిల్లలను ఆడిషన్లకు తిప్పే తల్లిదండ్రులు కూడా మీ వ్యాసాన్ని శ్రద్ధగా చదువుతారు.

ఖాళీ కాలం, తరువాతి పనులు

సినిమా పేర్ల మధ్య ఉన్న ఖాళీలను దాటవేయకండి. ‘ది ఇంపాసిబుల్’ మెప్పు పొందిన తరువాత కూడా చేతిలో పని లేని రోజులు వచ్చాయని, అప్పుడు తల్లి తనను వడ్రంగం నేర్చుకోవడానికి కార్డిఫ్‌కు పంపిందని టామ్ స్వయంగా చెప్పాడు. ఇటువంటి వివరాన్ని “అతనే చెప్పుకున్నాడు” అనే మాటతోనే రాయాలి. పత్రాల ద్వారా తేలిన తేదీకి, ఇంటర్వ్యూలో సరదాగా చెప్పిన సంగతికి ఒకే బరువు ఇవ్వకూడదు. నాకు మాత్రం అవార్డు అందుకున్న రోజు కన్న ఈ వడ్రంగి సంగతే ఎక్కువ చెబుతుందనిపిస్తుంది.

2015లో బీబీసీ ధారావాహిక ‘వుల్ఫ్ హాల్’లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్వెల్ కొడుకు గ్రెగరీగా చేసిన చిన్న పాత్రను చాలామంది వదిలేస్తారు, స్పైడర్‌మ్యాన్ ప్రకటన వచ్చిన సంవత్సరమే అది కూడా ప్రసారమైందని గుర్తు చేస్తే, టీవీలో చిన్న వేషాలు వేస్తున్న కుర్రవాడికే ఆ పెద్ద పాత్ర దక్కిందని తెలుస్తుంది. 2017లో అతనికి బ్రిటిష్ సినిమా, టీవీ అకాడమీ అయిన బాఫ్టా వారి రైజింగ్ స్టార్ పురస్కారం వచ్చింది. ఇది న్యాయనిర్ణేతలు తుది ఎంపిక చేసేది కాదు, ప్రేక్షకుల ఓట్లతో తేలేది అని ఒక ముక్క చేర్చండి. “ఉదయించే నక్షత్రం” అని అనువదించనక్కరలేదు. వసూళ్ల అంకెలను డాలర్లలోనే ఉంచండి, రూపాయల్లోకి మార్చితే ఆ సంవత్సరపు మారకం రేటు చెప్పవలసి వస్తుంది. 2024లో లండన్‌లోని డ్యూక్ ఆఫ్ యార్క్ నాటకశాలలో రోమియోగా తిరిగి వేదిక ఎక్కిన సంగతిని మాత్రం తప్పక రాయండి, సినిమాలతో కోట్లు సంపాదించాక కూడా మొదలైన చోటికే వచ్చాడు గనుక.

కుటుంబం గురించి తల్లిదండ్రులు, ముగ్గురు తమ్ముళ్లు అనే వరకు చాలు. ప్రేమ వ్యవహారాలు, ఇంటి చిరునామాలు, ఎత్తు, బరువు, “ఇష్టమైన వంటకం” అనే శీర్షికలు కొట్టేయండి. ఫొటో కావాలంటే స్వేచ్ఛా లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో ఉన్నవే తీసుకుని, తీసినవారి పేరు రాయండి.

వ్యాసం పూర్తయ్యాక, సినిమాలు చూడని ఒక పెద్దమనిషికి దానిని గట్టిగా చదివి వినిపించండి. ఆయన ఎక్కడ అడ్డుపడి ప్రశ్న అడిగితే అక్కడ ఒక వాక్యం తక్కువైందని, ఎక్కడ కునుకు తీస్తే అక్కడ సినిమా పేర్లు ఎక్కువయ్యాయని గుర్తు పెట్టుకుని సరిదిద్దండి. ఆ తరువాత అడుగున “ఈ వివరాలు ఫలానా నెల, ఫలానా సంవత్సరం వరకు” అని ఒక వరస రాయండి. అతను ఇంకా నటిస్తూనే ఉన్నాడు.